హైదరాబాద్‌లో రాత్రి పూట నాటకం: సురభి తెర నుంచి లామకాన్ బండ దాకా

హార్మోనిస్టు కొడుకు (శుక్రవారం, రాత్రి 11:52)

అందరికీ నమస్కారం. ఇక్కడ మొదటిసారి రాస్తున్నాను. కాస్త పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

మా నాన్నకి 74 ఏళ్ళు. తెనాలి పక్కన పల్లె మాది. నలభై ఏళ్ళు పద్యనాటకాలకి హార్మోనియం వాయించారు. అమ్మ పోయాక నిరుడు ఆయన్ని కొండాపూర్‌లో మా ఫ్లాట్‌కి తీసుకొచ్చాను. వచ్చిన దగ్గర్నుంచీ రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు. వయసు కదా అనుకున్నాను. ఇందాక మంచినీళ్ళకి లేస్తే బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. రెండు వీధుల అవతల ఏదో పబ్బు. అక్కణ్ణుంచి బేస్ దడదడ వినిపిస్తోంది. “ఏం తాళంరా అది?” అన్నారు. “డీజే నాన్నా” అన్నాను. కుర్చీ చెయ్యి మీద వేళ్ళతో కాసేపు కొట్టి చూసి, “లెక్క సరిగ్గానే ఉంది, కానీ ఎక్కడా విడుపు లేదు, ఊపిరెక్కడ తీసుకుంటారు?” అన్నారు. ఆ తర్వాత నెమ్మదిగా, “ఇంత ఊళ్ళో రాత్రి పూట ఎక్కడా నాటకం ఉండదా?” అని అడిగారు.

నా దగ్గర సమాధానం లేదు.

ఆయన లెక్కలో రాత్రి అంటేనే నాటకం. తొమ్మిదిన్నరకి ప్రార్థన ఎత్తుకుంటే తెల్లారేదాకా. ఒకే నాటకంలో ముగ్గురు కృష్ణులు ఉండేవాళ్ళు. పడక సీనుకి ఒకరు, రాయబారానికి ఒకరు, యుద్ధానికి ఒకరు. ముగ్గురి శ్రుతీ వేరు, ముగ్గురినీ మోసేది ఒక్క హార్మోనియం. వన్స్‌మోర్ పడిందంటే ఆ పద్యం మళ్ళీ అదే ఊపులో ఎత్తుకోవాలి. చిన్నప్పుడు నేను స్టేజీ పక్కన గోనెపట్టా మీద పడుకుని నిద్రపోయేవాణ్ణి. ఏ రాగానికి మెలకువ వచ్చేదో ఇప్పటికీ చెప్పగలను.

హైదరాబాద్ నాటకం గురించి నాకు రవీంద్రభారతి పేరు తప్ప ఏమీ తెలియదు. ఇక్కడ ఒకప్పుడు ఏం ఆడేవాళ్ళు? ఇప్పుడు జనం రాత్రిళ్ళు ఎక్కడ కూర్చుని ఏం చూస్తున్నారు? నాన్నని తీసుకెళ్ళాలి.

---

చిక్కడపల్లి వాసి (శనివారం, ఉదయం 6:40)

బాబూ, మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. హార్మోనిస్టు చెయ్యి బాగుంటే సగం నాటకం నిలబడ్డట్టే, అది తెలిసిన తరం వాణ్ణి.

రవీంద్రభారతి 1961లో తెరిచారు. ఠాగూర్ శతజయంతి సంవత్సరం అది, పేరు అందుకే. కట్టడం ఫయాజుద్దీన్ గారిది. వెయ్యి మందికి పైగా పట్టే హాలు, అప్పట్లో ఎయిర్ కండిషన్ అంటే మాకు వింత. మేం కాలేజీ కుర్రాళ్ళుగా నాటకానికి సగం, చల్లదనానికి సగం వెళ్ళేవాళ్ళం. మా చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉంది. ఈ రెండింటి మధ్యే తెలుగు నాటకం చాలాకాలం బతికింది. 1993 నుంచి రసరంజని వాళ్ళు టికెట్టు పెట్టి తెలుగు నాటకాలు ఆడించారు. ఉచిత పాసులకి అలవాటుపడ్డ ఊళ్ళో డబ్బిచ్చి నాటకం చూడమని అడగడం చిన్న సంగతి కాదు.

తర్వాత పరిషత్తులు, అంటే నాటక పోటీలు. పరిషత్తు నాటకం వల్ల మేలు జరిగింది, చెడూ జరిగింది. ఊరూరా కళాకారులు మిగిలారంటే పోటీల పుణ్యమే. కానీ గంట వ్యవధి, ముగ్గురు న్యాయనిర్ణేతలు, ఉత్తమ నటుడు, ఉత్తమ ప్రతినాయకుడు అనే లెక్కలో పడి నాటిక ముందు వరసలో కూర్చున్న ఆ ముగ్గురి కోసమే తయారైంది. వెనక వరసలు ఖాళీ అయ్యాయి. ఇది నేను స్వయంగా అనుభవించి చెబుతున్న మాట, పదిహేను పరిషత్తుల్లో ఆడాను.

రాత్రంతా నాటకం మాత్రం ఈ నగరంలో ఇప్పుడు దొరకదు. ఏడింటికి మొదలు, తొమ్మిదికి దీపాలు ఆర్పేస్తారు.

---

నాంపల్లి నర్సన్న (శనివారం, ఉదయం 9:15)

గానసభ ముచ్చట సరే గానీ పెద్దసారూ, సురభి ముచ్చట యాది మర్చిపోతె ఎట్ల? మా చిన్నప్పుడు పబ్లిక్ గార్డెన్ల లలిత కళా తోరణం కాడ శని ఆదివారాలు సురభి ఆడుతుండె. మా నాయిన సైకిల్ ముందట నన్ను, వెనక మా చెల్లెను కూసుండబెట్టి తీస్కపోతుండె. మాయాబజార్ల ఘటోత్కచుడు గాలిల కెల్లి దిగుతుంటె మా చెల్లె కండ్లు మూసుకునేది. బాణానికి బాణం గాలిల తాకి నిప్పులు రాలుతుంటె జనం సీట్లల్ల కెల్లి లేస్తుండ్రి. కంప్యూటర్ లేదు, ఏం లేదు. తాళ్ళు, కప్పీలు, తెరలు, మనుషులు, అంతే.

1937ల మన హైదరాబాద్ల పుట్టిన కంపెనీ అది. మనది అని గర్వంగ చెప్పుకోవాలె.

ఇంకోటి. నిజాం జమానాల తెలంగాణ పోరాటం మీద మా భూమి నాటకం రాస్తే (1947, సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు) ప్రజానాట్యమండలి దళాలు ఆంధ్ర ఊర్లల్ల వందల ఆటలు ఆడినయి. మద్రాసు సర్కారు దాన్ని నిషేధించింది. మన కథ, మన దగ్గరనే ఆడనియ్యలే, ఆఖరికి అక్కడ గూడ ఆపేసిండ్రు. నాటకానికి అంత బలం ఉండె.

---

తెర వెనక (శనివారం, ఉదయం 10:02)

నర్సన్నా, ఒక చిన్న సవరణ. సురభి పుట్టింది 1885లో, కడప జిల్లా సురభి గ్రామంలో. తోలుబొమ్మలాట ఆడే కుటుంబాల వాళ్ళు ఓ పెళ్ళిలో బొమ్మలు పక్కనపెట్టి తామే వేషాలు కట్టి కీచక వధ ఆడారు. వనారస గోవిందరావు గారితో మొదలైన వంశం అది. మీరన్న 1937, శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి మొదలైన ఏడాది. సురభి శాఖల్లో అదొకటి. అది కూడా హైదరాబాద్‌లో పుట్టలేదు, తర్వాత ఇక్కడికి చేరింది. శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఉంది కదా, వాళ్ళ ఇళ్ళు అక్కడే. ఆ మండలిని నడిపిన నాగేశ్వరరావు గారికి, అందరూ బాబ్జీ అనే ఆయనకి, పద్మశ్రీ వచ్చింది. 2022లో పోయారు.

ఒకప్పుడు ముప్పైకి పైగా సమాజాలు ఉండేవి. ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కానీ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. మిగతా రంగస్థలం మీద మగవాళ్ళు స్త్రీ వేషాలు వేస్తున్న కాలంలోనే సురభిలో ఆడవాళ్ళ వేషాలు ఆడవాళ్ళే వేశారు. ఇంటిల్లిపాదీ నటులు కాబట్టి అది కుదిరింది.

నేను లైటింగ్ పని చేస్తాను. పదేళ్ళ కిందట ఒకసారి వాళ్ళ తెర వెనక నిలబడే అదృష్టం కలిగింది. ఒకావిడ యశోద వేషంలో, వడ్డాణం, నాగరం అన్నీ పెట్టుకుని, తెరల మధ్య నేల మీద కూర్చుని పసిబిడ్డకి పాలిస్తోంది. స్టేజీ మీద తన ముందు సీను నడుస్తోంది. హార్మోనియం మీద స్వరం మారగానే, తల ఎత్తకుండానే బిడ్డని పక్కనున్న పదేళ్ళ పాప చేతికిచ్చి, కొంగు సర్దుకుని, రెండడుగుల్లో వెలుగులోకి వెళ్ళిపోయింది. బిడ్డ ఏడవలేదు. ఆ పాప ముఖానికి కూడా రంగు ఉంది, తర్వాతి సీను ఆ పాపది. నేను చాలా పెద్ద హాళ్ళలో పనిచేశాను, అలా క్యూ, అంటే వేదిక మీదికి రమ్మనే సంకేతం, అందుకోవడం ఎక్కడా చూడలేదు.

1990లలో కన్నడ రంగస్థల దర్శకుడు బి.వి. కారంత్ గారు వచ్చి వాళ్ళతో పనిచేశారు. జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ నాటకం వాళ్ళ చేతిలో ‘బస్తీ దేవత యాదమ్మ’ అయింది. పౌరాణికాలు తప్ప వాళ్ళకేం రావు అనేవాళ్ళకి అదే జవాబు.

---

నాంపల్లి నర్సన్న (శనివారం, ఉదయం 10:20)

సవరణకు శుక్రియ అన్నా. నాకు ఇన్నేండ్లు తప్పే తెల్సు. రేపు మా చెల్లెకు ఫోన్ చేసి చెప్త.

---

పత్తర్‌గట్టి అజీజ్ (శనివారం, మధ్యాహ్నం 1:30)

భాయ్, మీరందరూ తెలుగు నాటకం గురించి రాస్తున్నారు, బాగుంది. నగరంలో ఇంకో సగం ఉంది కదా, అది నేను చెప్తాను.

బబ్బన్ ఖాన్ సాబ్ పేరు విన్నారా? ‘అద్రక్ కే పంజే’. 1965లో ఈ నగరంలో మొదలుపెట్టారు. ఒక గది సెట్టు, ఒక గుమాస్తా, నిండా పిల్లలు, నిండా అప్పులు. అంతా మన దక్ఖనీ ఉర్దూ. ఇంట్లో మాట్లాడుకునే భాషని స్టేజీ మీద పెట్టి నవ్వించాడు. ఆ నవ్వు మధ్యలో ఇంటి ఖర్చు, చిన్న కుటుంబం ముచ్చట చెప్పేశాడు. 2001 దాకా ఆడారు, పదివేల ఆటలు దాటింది, గిన్నిస్ బుక్‌లో ఎక్కింది. మా అబ్బా ఆ నాటకం పదకొండుసార్లు చూశారు. ప్రతిసారీ అదే చోట నవ్వేవారు, అమ్మీ అయితే నవ్వు రాకముందే నవ్వేది.

1960లలోనే జిందాదిలాన్-ఎ-హైదరాబాద్ వాళ్ళు హాస్య ముషాయిరాలు, అంటే నవ్వించే కవి సమ్మేళనాలు, మొదలుపెట్టారు. హిమాయతుల్లా సాబ్ దక్ఖనీలో ఒక షేర్ చదివితే పందిరంతా ఊగేది. మైకు ముందు ఒక మనిషి, చేతిలో కాగితం, ఎదురుగా నవ్వే జనం. ఇప్పుడు స్టాండప్ అంటున్నారు. మా మొహల్లాలో దానికి పేరు లేదు, పని ఉండేది.

ఖాదిర్ అలీ బేగ్ సాబ్ గురించి కూడా తెలుసుకోండి. 1970లలో ఆయన నాటకాన్ని గోల్కొండ కోట రాళ్ళ మధ్యకి తీసుకెళ్ళారు. ఆయన పేరు మీద 2005 నుంచి కొడుకు మొహమ్మద్ అలీ బేగ్ గారు ఫౌండేషన్ నడుపుతున్నారు. కులీ కుతుబ్ షా మీద నాటకం కోటలోనే ఆడారు, తారామతి కథ తారామతి బారాదరిలో. కథ ఎక్కడ జరిగిందో అక్కడే కూర్చుని చూడటం ఎలా ఉంటుందో ఒకసారి చూసినవాడు మర్చిపోడు.

రాత్రి అంటారా? రంజాన్‌లో చార్మినార్ దగ్గరికి రండి. సెహ్రీ దాకా నగరం మేలుకునే ఉంటుంది.

---

మైకు మౌనిక (శనివారం, సాయంత్రం 4:48)

అజీజ్ అన్నా, మీ పోస్టు స్క్రీన్‌షాట్ తీసి మా కామెడీ గ్రూపులో పెట్టాను. బబ్బన్ ఖాన్ గారి పేరు మాలో ముగ్గురికే తెలుసు. సిగ్గుపడాల్సిన విషయం, ఇప్పుడు అందరం వెతుకుతున్నాం.

నేను రెండేళ్ళుగా తెలుగులో స్టాండప్ చేస్తున్నాను. పగలు ఆఫీసు, వారానికి రెండు ఓపెన్ మైకులు. ఓపెన్ మైక్ అంటే తెలియనివాళ్ళకి: పేరు ఇస్తే నాలుగైదు నిమిషాలు ఇస్తారు. కవిత చదువుకో, పాట పాడుకో, జోక్ చెప్పుకో. నాలుగో నిమిషంలో వెనక నుంచి ఎవరో ఫోన్ టార్చ్ చూపిస్తారు. దిగిపోవాలి. మొదట్లో నేను ఇంగ్లిష్‌లో చేసేదాన్ని, ఎందుకంటే గచ్చిబౌలి కేఫుల్లో అదే నడిచేది. ఒకరోజు నా సెట్, అంటే నా నాలుగు నిమిషాల జోకులు, మొత్తం పడిపోయింది, ఒక్కరూ నవ్వలేదు. కోపమో ఏడుపో వచ్చి మా ఖమ్మం అమ్మమ్మ తిట్టు ఒకటి తెలుగులో అనేశాను. గది మొత్తం ఘొల్లుమంది. అప్పట్నుంచి తెలుగే.

కానీ రాత్రి గురించి ఒక్కమాట రాయాలి. నా హాస్టల్ గేటు పదింటికి మూసేస్తారు. లైనప్‌లో కొత్తవాళ్ళ పేర్లు చివర్లో ఉంటాయి, అంటే తొమ్మిదిన్నర తర్వాత. ఆర్నెల్లపాటు నేను నా సెట్ చేయకుండానే వెనక్కి వచ్చేసిన రోజులే ఎక్కువ. ఆటోలో కూర్చుని నా నాలుగు నిమిషాలూ డ్రైవర్ వెనక సీట్లో మనసులో చెప్పుకునేదాన్ని. తర్వాత ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి ఇల్లు అద్దెకి తీసుకున్నాను, అప్పుడు గానీ నాకు స్టేజీ దొరకలేదు. ఊళ్ళో ఎన్ని వేదికలున్నాయి అని అడుగుతారు అందరూ. ఇంటికి ఎలా వెళ్తారు అని ఎవరూ అడగరు.

---

పద్యప్రియుడు (శనివారం, సాయంత్రం 6:10)

నొప్పించాలని కాదు, కానీ మనసులో మాట చెబుతాను. నాలుగు నిమిషాలు మైకు పట్టుకుని అమ్మమ్మ తిట్లు చెప్పడాన్నీ, ముప్పై ఏళ్ళు సాధన చేసి ఒక పద్యం పాడటాన్నీ ఒకే వరసలో పెట్టడం నాకు మింగుడుపడటం లేదు. మా గురువుగారు నాకు ఒక్క పద్యం ఎనిమిది నెలలు చెప్పారు. ఎక్కడ విరవాలి, ఏ అక్షరం మీద ఆగాలి, ఆలాపన ఎంత సాగితే అర్థం చెడకుండా ఉంటుంది... ఇవన్నీ. పబ్బుల్లో, కేఫుల్లో నడిచేది కాలక్షేపం. కళని అక్కడ వెతికితే హార్మోనిస్టు గారి మనసు ఇంకా కష్టపడుతుంది.

---

నల్లగది (శనివారం, రాత్రి 8:33)

పద్యప్రియుడు గారూ, సాధన గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. అయితే ఒకటి గమనించండి. మీ పద్యానికి ఎనిమిది నెలలు ఇవ్వగలిగింది గురువు ఒక్కడే కాదు, ఆ తర్వాత రాత్రికి రాత్రి ఐదు వందల మంది ముందు పాడించిన ఊరు కూడా. మా పిల్లలకి గురువులు దొరుకుతున్నారు. సెంట్రల్ యూనివర్సిటీలో 1988 నుంచి రంగస్థల విభాగం ఉంది. చదువుకుని బయటికొచ్చాక ఆడటానికి చోటే లేదు.

నేను ఆరుగురితో చిన్న బృందం నడుపుతున్నాను. లెక్క చెబుతాను వినండి. అరవై సీట్ల గది, టికెట్టు 300. నిండితే 18,000. అందులో సగం గది అద్దెకి, లైట్లకి పోతుంది. మిగిలిన తొమ్మిది వేలు ఆరుగురికి, రెండు నెలల రిహార్సల్‌కి. గది సగమే నిండితే చేతి నుంచి పెట్టుకోవాలి. శిల్పకళా వేదికలో రెండు వేల మందికి పైగా కూర్చోవచ్చు, నాకు అదేం చేసుకోను? నాకు కావలసింది అరవై మంది, వాళ్ళ ఊపిరి నా నటుడికి వినపడేంత దగ్గర. ఫీనిక్స్ అరీనా, రంగభూమి స్పేసెస్ లాంటివి వచ్చాక ఐటీ కారిడార్ వైపు కొంత ఊపిరి ఆడింది.

ఇక లామకాన్. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1 పక్క సందులో, 2010లో తెరిచారు. ఒక ఇల్లు, దాని వెనక పెద్ద బండ, ఆ బండకి ఆనించి మెట్లు, చిన్న వేదిక. ఈ ఊళ్ళో బండలు పగలగొట్టి అపార్ట్‌మెంట్లు కడతారు. అక్కడ మాత్రం బండని అలాగే ఉంచి నాటకం ఆడతారు. లామకాన్ అంటే ఇల్లు లేని చోటు. సమోసా, ఇరానీ చాయ్, గోడ మీద నోటీసులు. మందు ఉండదు, ఎవరైనా లోపలికి రావచ్చు. నా మొదటి నాటకం అక్కడ ఆడాం. చివరి సీనులో వర్షం మొదలైంది. ఒక్కరు కూడా లేవలేదు. ముందు మెట్టు మీద ఒక ముసలాయన చేతి సంచీ తల మీద పెట్టుకుని చూశాడు, అంతే.

ఇప్పుడు అసలు చిక్కు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట మైకు పెట్టకూడదు. మూసిన గదికి ఆ పట్టింపు లేదు. దీనర్థం ఏమిటంటే తలుపులున్న పబ్బు అర్ధరాత్రి దాకా మోగొచ్చు, ఆకాశం కింద హార్మోనియం మాత్రం పదింటికి మూసేయాలి. నిద్రపోయేవాళ్ళ హక్కు నాకు తెలుసు, చుట్టుపక్కల పసిపిల్లలుంటారు, రోగులుంటారు. దానితో తగాదా లేదు. కానీ హార్మోనిస్టు గారికి రాత్రి నాటకం ఎందుకు దొరకట్లేదంటే జనం మారిపోయారని కాదు, రాత్రిని గోడల లోపలికి మార్చేశారు. గోడలున్న గదికి అద్దె ఎక్కువ. ఆ అద్దె బీరుతో వస్తుంది, నాటకంతో రాదు.

---

మౌలాలి చందా (శనివారం, రాత్రి 11:05)

నేను చాలాకాలంగా ఇక్కడ చదువుతుంటాను, రాయను. నల్లగది గారు రాత్రి ఎవరిది అనే దాకా వచ్చారు కాబట్టి రాస్తున్నాను.

నేను ట్రాన్స్ మహిళని. డాన్సర్‌ని. కూచిపూడి నేర్చుకున్నాను, ఇప్పుడు డ్రాగ్ కూడా చేస్తాను, అంటే నిండుగా వేషం, మేకప్ కట్టి ఆడా మగా హద్దుల్ని ఆటపట్టించే ప్రదర్శన.

1919లో నిజాం రాజ్యంలో ఒక చట్టం వచ్చింది. తర్వాత దాన్ని తెలంగాణ యూనక్స్ యాక్ట్ అన్నారు. మాలాంటి వాళ్ళ పేర్లు పోలీసు రిజిస్టర్‌లో ఉండాలి. వీధిలో, నలుగురున్న చోట చీర కట్టుకుని కనిపించినా, పాడినా, నాట్యం చేసినా వారంటు లేకుండా పట్టుకుపోవచ్చు, జైలు. హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జూలైలో. మళ్ళీ చదవండి, 2023. నేను అరంగేట్రం చేసినప్పుడు ఆ కాగితం ఇంకా పుస్తకాల్లో ఉంది.

అదే కాలంలో ఆంధ్రలో స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషం కట్టి ‘మీరజాలగలడా’ అని పాడితే జనం ఊగిపోయారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు భామాకలాపంలో జడ వేస్తే ఆడవాళ్ళు ఆయన్ని చూసి నడక నేర్చుకున్నారని మా గురువుగారు చెప్పేవారు. ఆయనకీ పద్మశ్రీ. ఇద్దరికీ నా తల వంచి నమస్కారం, వాళ్ళ అభినయం నా చదువు. కానీ చీర స్టేజీ మీద కడితే కళ, స్టేజీ దిగాక కూడా ఉంచుకుంటే నేరం. మధ్యలో ఉన్నది నాలుగు మెట్లు.

ఇప్పుడు మన నగరంలో పత్రుని శాస్త్రి గారు శాస్త్రీయ నృత్యం చదువుకుని డ్రాగ్ చేస్తున్నారు, బహిరంగంగా మాట్లాడుతున్నారు, మిగతావాళ్ళని కూడగట్టారు. 2013 నుంచి మాలాంటి వాళ్ళ హక్కుల కోసం ప్రైడ్ నడక జరుగుతోంది. మాకు చోటిచ్చేది చాలాసార్లు కేఫులు, బార్లే. పద్యప్రియుడు గారు కాలక్షేపం అన్నారు. నిజమే, గ్లాసుల చప్పుడు మధ్య భామ ప్రవేశ దరువు చేయడం సులువు కాదు. ఒకసారి ఆర్డర్లు తీసుకునే కుర్రాడు ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయాడు, పాట అయ్యేదాకా కదల్లేదు. తర్వాత గ్రీన్‌రూమ్ తలుపు కొట్టి, గ్రీన్‌రూమ్ అంటే స్టోర్ రూమ్ లెండి, బియ్యం బస్తాల మధ్య అద్దం, “మేడం, మా అమ్మ ఊళ్ళో ఇట్లనే ఆడేది, యక్షగానం, చిందోళ్ళం మేము” అన్నాడు. ఇద్దరం ఆ బస్తాల మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. చిందు యక్షగానానికి గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. ఈ కుర్రాడు మాత్రం వేషం కట్టే వీలు లేక ట్రే పట్టుకున్నాడు.

నా పేరు ఎందుకలా పెట్టుకున్నానో కూడా చెప్తాను. మౌలాలి గుట్ట కింద మహలఖా బాయి చందా సమాధి ఉంది. 1768లో పుట్టి 1824లో పోయింది. ఉర్దూలో దివాన్, అంటే కవితా సంపుటి, ఉన్న తొలి కవయిత్రుల్లో ఒకరు. నర్తకి, నిజాం కొలువులో జాగీర్లు పొందింది. ఆ తోట ఆమె తల్లి కోసం కట్టించింది, పక్కనే తనూ ఉంది. ప్రోగ్రాం ఉన్న రోజు పొద్దున నేను అక్కడికి వెళ్తాను.

---

పద్యప్రియుడు (ఆదివారం, ఉదయం 5:55)

చందా గారూ, రాత్రి మీ పోస్టు చదివి చాలాసేపు పడుకోలేదు. మా గురువుగారు స్త్రీ పాత్రధారి. ఆయనకి ఊళ్ళో ఇల్లు అద్దెకి ఇచ్చేవాళ్ళు కాదు. “రాత్రి హారతిచ్చారు, పొద్దున్నే తలుపేసుకున్నారు” అనేవారు. నేనది మర్చిపోయి, మీరు చేసేదాన్ని కాలక్షేపం అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మౌనిక అమ్మా, నీకూ అదే మాట. నీ తదుపరి కార్యక్రమం ఎక్కడో రాయి, వస్తాను.

---

మైకు మౌనిక (ఆదివారం, ఉదయం 8:12)

సార్, బుధవారం. వివరాలు మెసేజ్ చేస్తాను. తప్పకుండా రండి, ముందు వరస మీకే. హార్మోనిస్టు కొడుకు గారూ, మీ నాన్నగారు కూడా వస్తారా? అది కామెడీ మైక్ కాదు, అన్నీ ఉంటాయి. వాయించే వాళ్ళకి ఎనిమిది నిమిషాలు ఇస్తారు. నేను నిర్వాహకురాలితో మాట్లాడాను.

---

హార్మోనిస్టు కొడుకు (ఆదివారం, ఉదయం 9:30)

ఇంత రాస్తారని అనుకోలేదు. మొత్తం నాన్నకి చదివి వినిపించాను. స్థానం వారి పేరు రాగానే “చదువు, చదువు” అన్నారు. చందా గారి నాలుగు మెట్ల దగ్గర మళ్ళీ చదవమన్నారు.

ఆయన మోకాళ్ళు బాగోలేవు. మెట్లున్నాయా? టాయిలెట్ దగ్గరగా ఉందా? తిరిగి రావడానికి ఎంతవుతుంది?

---

చిక్కడపల్లి వాసి (ఆదివారం, ఉదయం 10:05)

రవీంద్రభారతికి అయితే రాయదుర్గం నుంచి మెట్రో, అమీర్‌పేటలో మారి లక్డీకాపూల్‌లో దిగండి. చివరి రైళ్ళు పదకొండు ప్రాంతంలో. సురభి వాళ్ళ ప్రదర్శన ప్రకటన కనిపించగానే నేనే ఇక్కడ పెడతాను, మనిద్దరం కలిసి వెళ్దాం, మీ నాన్నగారికి మా వయసు తోడు ఉంటుంది.

---

మైకు మౌనిక (ఆదివారం, ఉదయం 10:11)

మా చోటు కింది అంతస్తే, ఒక్క మెట్టు ఉంది. టాయిలెట్ లోపలే. తిరుగు ప్రయాణానికి నల్లగది అన్న కారు ఉంది, ఆయన కొండాపూర్ మీదుగానే వెళ్తారు. అడిగేశాను.

---

తెర వెనక (ఆదివారం, ఉదయం 10:40)

హార్మోనియం ముందు మైకు ఒకటి కాదు, రెండు పెట్టాలి. ఒకటి రీడ్స్ దగ్గర, ఒకటి తిత్తి వైపు కాకుండా కొంచెం పైన. లేకపోతే గాలి చప్పుడే వస్తుంది. బుధవారం నేను ఖాళీగా ఉన్నాను, వచ్చి పెడతాను.

---

హార్మోనిస్టు కొడుకు (గురువారం, తెల్లవారుజాము 1:20)

ఇప్పుడే వచ్చాం. నాన్న పడుకున్నారు. నాకే నిద్ర రావట్లేదు, అందుకే రాస్తున్నాను.

ఆయన పొద్దున్నుంచే తెల్ల పంచె ఇస్త్రీ చేయించుకున్నారు. పెట్టె తీసి రీడ్స్ అన్నీ గుడ్డతో తుడిచారు, ఒకటి పలకట్లేదు, మందార రేకంత కాగితం ముక్క మడిచి కింద పెట్టారు, పలికింది. కేఫ్‌లో నలభై మంది ఉంటారు. అందరూ పాతికేళ్ళ లోపు వాళ్ళే. మౌనిక గారు ముందు చేశారు. అమ్మమ్మ తిట్లు వస్తుంటే నాన్న పంచె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. అమ్మ పోయాక ఆయన అలా నవ్వడం చూడలేదు.

తర్వాత ఆయన పేరు పిలిచారు. కింద కూర్చోలేరు కాబట్టి బల్ల మీద పెట్టె పెట్టాం. ఒక కల్యాణి ఎత్తుకున్నారు. కాఫీ మెషిన్ చప్పుడు వస్తుంటే కాఫీ కలిపే కుర్రాడే దాన్ని ఆపేశాడు. రెండు నిమిషాలయ్యాక పద్యప్రియుడు గారు వెనక కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అనుకున్నది కాదు. రాయబారం పద్యం ఎత్తుకున్నారు. నాన్న తల తిప్పి ఆయన్ని చూసి, శ్రుతి అరమెట్టు కిందికి దించి పట్టుకున్నారు. జీవితంలో ఎప్పుడూ కలవని ఇద్దరు మనుషులు, పద్యం ఎక్కడ విరుగుతుందో ఇద్దరికీ తెలుసు.

ఎనిమిది నిమిషాలు అయ్యాయి. టార్చ్ చూపించాల్సిన అమ్మాయి ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పద్యం ముగిశాక ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. ఆ పిల్లలకి వన్స్‌మోర్ అనాలని తెలియదు కదా. మూల నుంచి చందా గారు గట్టిగా అరిచారు, “వన్స్‌మోర్!” అని. ఆ తర్వాత మొత్తం గది.

కారులో నాన్న రాయదుర్గం దాకా ఏమీ మాట్లాడలేదు. ఫ్లైఓవర్ దిగాక నల్లగది గారిని అడిగారు, “మళ్ళీ బుధవారమేనా బాబూ?” అని.